పుస్తకాలు దాచకండి, ఆయన మాట ఎత్తండి

ప్రశ్న: మాది కడప. నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడిపే మావారు ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. మా పాప పదో తరగతి. అప్పటినుంచీ తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లల నవలలే తెచ్చుకుని చదువుతోంది, ఏడుస్తోంది. బాధపడుతుందని మాసికాల రోజున కూడా ట్యూషన్‌కు పంపేస్తున్నాం. ‘ఆ పుస్తకాలే దాన్ని పాడుచేస్తున్నాయి’ అని మా ఆడపడుచు అనడంతో వాటిని బియ్యం డబ్బా వెనక దాచాను. తన నోటుపుస్తకం తెరిచి చూస్తే, ‘డాక్టరు కావాలన్నది నా ఇష్టమా, నాన్న ఇష్టమా?’ అని రాసి ఉంది. భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తకాలను బయటికి తీయండి.

మాసికం నాడు మీరంతా ఆయన పేరూ గోత్రమూ పలుకుతారు, ఆయనకు ఇష్టమైనవి వండుతారు, ఏడుపొస్తే ఏడుస్తారు. పాపకు మాత్రం ఆ రోజు లెక్కల ట్యూషన్. తనకు దక్కని మాసికాన్ని ఆ పిల్ల నవలలో పెట్టుకుంటోంది.

ఇలాంటి నవలలు నేనూ కొన్ని చదివాను. చాలావాటిలో చావు మొదటి పేజీల్లోనే అయిపోతుంది. మిగతాదంతా బతికున్న పిల్ల కథ. స్నేహితురాలితో పకపకా నవ్వి, అంతలోనే ‘నాన్న పోయాక నవ్వానే’ అని ముడుచుకుపోవడం. పోయిన మనిషి మీదే కోపం రావడం. మన ఇళ్లలో పైకి అనని మాటలివి. తనకొక్కదానికే ఇలా ఉందనుకున్న పిల్లకు అవి అచ్చులో కనిపిస్తే ఏడుపు రాదా? చివరి అధ్యాయంలో ఒక వాన కురిపించి దుఃఖాన్ని కడిగేసే చవకబారు పుస్తకాలూ ఉన్నాయి లెండి. వాటిని మీ పాపే విసిరేస్తుంది. పదిహేనేళ్ల పాఠకులు అబద్ధాన్ని ఇట్టే పసిగడతారు.

దుఃఖంలో ఉన్నవారు పోగొట్టుకున్నదానికీ రోజువారీ బతుకుకీ మధ్య ఊగుతుంటారని 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు వివరించారు. పొద్దున ఏడ్చిన పిల్ల సాయంత్రం కారం దోసె అడిగితే అది నటన కాదు.

ఇక నోటుపుస్తకం. అడగకుండా చదవడం తప్పు, చదివానని తనతో చెప్పేయండి. అందులోని ప్రశ్న మాత్రం నాకు ధైర్యాన్నిచ్చింది. తండ్రి ఉండి ఉంటే ఆయనతో పోట్లాడేది, అలిగేది, ఆయనా ఒక మెట్టు దిగేవారేమో. పోయిన మనిషి కోరిక అలా కాదు, శాసనంలా నిలబడిపోతుంది. దాన్ని ఆయన తరఫున సడలించగలిగింది మీరొక్కరే. బైపీసీయా మరొకటా అన్నది పది ఫలితాలు వచ్చాక చూసుకోవచ్చు. అప్పటిదాకా ఆమె చేత ఏ మాటా ఇప్పించుకోకండి. బంధువులనూ ఇప్పించుకోనివ్వకండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. నిద్రా తిండీ బాగా తప్పినా, బడికి వెళ్లనని మొండికేసినా, ‘నాన్న దగ్గరికి వెళ్లిపోతాను’ అన్నట్టు మాట్లాడినా, రాసినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యులకూ చూపించండి.

వచ్చే మాసికానికి పాపను ఇంట్లోనే ఉంచండి. నాన్నకు ఇష్టమైన కూర ఏదో తననే చెప్పమనండి, తన చేతనే వండించండి. ఆ రాత్రి తన పుస్తకాల్లో ఒకటి అడిగి తీసుకుని, ఎక్కడ ఏడుపొచ్చిందో ఆ పేజీ చూపించమనండి.