పాఠకుల ప్రశ్నలు: పులి ఉన్న అడవిలో ఎలుకకు రక్షణ ఉన్నట్లేనా?

ప్రశ్న: అభయారణ్యాలను సాధారణంగా పులి, ఏనుగు వంటి పెద్ద జంతువులను దృష్టిలో పెట్టుకొని ఏర్పాటు చేస్తారు. ఉష్ణమండల కొండ అడవుల్లోని ఎలుకలు, ఉడతలు, గబ్బిలాలకు కూడా ఆ రక్షణ దానంతటదే దక్కుతుందా?

జవాబు: కొంతవరకే దక్కుతుంది. చెట్ల నరికివేత, వేట ఆగితే వాటికీ మేలే. అయితే పులి ఒక కొండ దిగి, లోయ దాటి, మరో కొండ ఎక్కగలదు. కొండ ఎలుకకు ఒక వాలులోని చిన్న భాగమే లోకం. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది, తేమా నాచూ పెరుగుతాయి, చెట్లు పొట్టివవుతాయి. ఒక ఎత్తుకు అలవాటుపడిన జంతువు దిగువనున్న వేడి లోయను దాటలేక, పక్క కొండ మీది తన జాతితో సంబంధం తెగిపోయి, లక్షల ఏళ్లలో వేరే జాతిగా మారిపోవచ్చు. ఫిలిప్పీన్స్‌లోని ల్యూజాన్ దీవిలో గబ్బిలాలు కాక 56 స్థానిక క్షీరద జాతులుంటే, వాటిలో 52 మరెక్కడా కనిపించకపోవడానికి ఇది ముఖ్య కారణం. కాబట్టి శిఖరాన్ని మాత్రమే కాపాడి పాదాన్ని తోటలకు వదిలేసే సరిహద్దు, పటం మీద ఎంత పెద్దగా కనిపించినా, నా దృష్టిలో సగం అభయారణ్యమే. వాతావరణం వేడెక్కితే దిగువ జాతులు పైకి జరగాలి. ఆ దారి తెగిపోకూడదు.

ఈ జంతువులు పోతే అడవి ఏం కోల్పోతుందో బోర్నియో కొండల్లో స్పష్టంగా చూడవచ్చు. అక్కడి ఒక కూజా మొక్కకు (ఆకులే మూతగల కూజాల్లా మారి, లోపల పడినదాని నుంచి పోషకాలు తీసుకునే మొక్క) మూత అడుగున తీపి పదార్థం ఊరుతుంది. ఉడతను పోలిన ట్రీష్రూ కూజా అంచున కూర్చుని దాన్ని నాకుతుంది. మూతకూ కూజా నోటికీ మధ్య దూరం దాని ఒంటి కొలతకు సరిపోతుంది కనుక, నాకుతున్నంతసేపూ దాని వెనుక భాగం సరిగ్గా కూజా మీదనే ఉంటుంది. రెట్ట అందులో పడుతుంది. (మర్యాదగా చెప్పే మార్గం లేదు, పాఠకులు మన్నించాలి.) ఎదిగిన మొక్క ఆకుల్లోని నత్రజనిలో సగానికి పైగా ఈ రెట్ట నుంచే అందుతుందని పరిశోధకులు తేల్చారు.

ప్రశ్న: మరి ఇలాంటి చిన్న జంతువుల్లో కొత్త జాతులను గుర్తించడంలో ఇంత ఆలస్యం ఎందుకు?

జవాబు: చూసేవారు తక్కువ, పోలికలు ఎక్కువ. తమిళనాడు కొండల్లో 1948లో దొరికిన ఒక గబ్బిలాన్ని మామూలు పండ్ల గబ్బిలంగా భావించి సంగ్రహాలయంలో భద్రపరిచారు. అది పూర్తిగా కొత్త ప్రజాతి (దగ్గరి జాతులను కలిపే వర్గం) అని 1972లో తేలి, దానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టారు. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుకలు, పండ్ల గబ్బిలాలు చాలాకాలం హానికర జంతువుల జాబితాలోనే ఉన్నాయి. ఆ జాబితాను 2022 నాటి సవరణ తొలగించింది. లెక్కింపు పద్ధతులూ పెద్ద జంతువులకు అనుకూలమైనవే. పులి కోసం మోకాలెత్తున బిగించిన కెమెరా కింద నుంచి చుంచెలుక నిక్షేపంగా దాటిపోతుంది. దానికోసం రాలిన ఆకుల నడుమ, పడిపోయిన మానుల పక్కన చిన్న పెట్టె బోనులు పెట్టి, రోజూ తెల్లవారగానే వెళ్లి చూసుకోవాలి.