మా అమ్మాయి ‘పర్యావరణ న్యాయం’ చదువుతానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేసింది. అప్పటి నుంచి పర్యావరణ న్యాయం, ప్రజా విధానాలు అంటూ ఆ దారిలోనే వెళ్తానంటోంది. గ్రూప్-2 రాయమంటే వినడం లేదు. ఇందులో జీతం వచ్చే ఉద్యోగాలు ఉంటాయా? గొడవల్లో ఇరుక్కుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయండీ. అయితే ‘పర్యావరణ న్యాయం’ అన్న పేరుతో నోటిఫికేషన్ పడదు. లా, సైన్స్, గ్రామీణాభివృద్ధి అన్న మూడు తలుపుల్లో ఏదో ఒకదాని నుంచి లోపలికి వెళ్లాలి.

ముందు మీ అమ్మాయి మనసులో ఏం మెదులుతోందో చూడండి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. దాన్ని కొలవడం కెమిస్ట్రీ. కానీ అదే ఊళ్లో డబ్బున్నవాళ్లు 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటారు, కూలికి వెళ్లేవాళ్లు బోరు నీళ్లే తాగుతారు. పళ్ల మీద గోధుమరంగు చారలు, కీళ్ల నొప్పులు ఎక్కువగా ఎవరి ఇళ్లలో కనిపిస్తాయో మీకు తెలియనిది కాదు. ఆ తేడా ఎందుకు వచ్చిందని అడగడం పర్యావరణ న్యాయం. నీళ్ల పథకం గీసేటప్పుడు ఆ ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాట రాయించడం ప్రజలు నడిపే విధానం. ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

నా ఓటు లాకే. డిగ్రీ తర్వాత లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయవచ్చు. కెమిస్ట్రీ తెలిసిన లాయర్లు తక్కువ, అవసరం మాత్రం చాలా ఉంది. 2006లో కేంద్రం తెచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకు, ఫ్యాక్టరీలకు అనుమతి ఇచ్చే ముందు చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ ప్రాజెక్టు వల్ల పర్యావరణం మీద ఏ ప్రభావం పడుతుందో చెప్పే అసలు రిపోర్టు వందల పేజీలు, అదీ ఇంగ్లీషులో. ఊరివాళ్లకు తెలుగులో అందేది సారాంశమే. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి లాంటి చోట ‘మాకు దుమ్ము వస్తోంది సార్’ అంటే రాసుకుని వెళ్లిపోతారు. ‘మీ రిపోర్టులో బడి రెండు కిలోమీటర్ల దూరమని ఉంది, అసలు దూరం అర కిలోమీటరే’ అని కొలిచి, రాతపూర్వకంగా ఇస్తే దానికి జవాబు చెప్పక తప్పదు. ఆ కాగితం తయారుచేసే మనిషి కావాలి. అనుమతి మీద అప్పీలు చేయాలంటే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలోనే ఉంది.

లా ఇష్టం లేకపోతే బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ ఎంఏ, టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సంబంధిత కోర్సులు ఉన్నాయి. చేరే ముందు స్కాలర్‌షిప్ సంగతి తేల్చుకోండి, అప్పు చేసి మాత్రం వద్దు. ఎంఎస్సీ చేస్తే కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్ట్ పోస్టుల వైపు చూడవచ్చు. అవి ఏపీపీఎస్సీ ద్వారానే భర్తీ అవుతాయి కాబట్టి మీరు కోరుకునే సర్కారు ఉద్యోగమూ ఈ దారిలో ఉంది. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకునేంత ఉండదు. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

గొడవల భయం ఉత్తిది కాదు. క్వారీలకు ఎదురు మాట్లాడితే ఒత్తిడి వస్తుంది. అందుకే మొదట్లో ఒంటరిగా దిగకుండా, అనుభవం ఉన్న లాయరు దగ్గరో సంస్థలోనో పని నేర్చుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తు, గ్రామసభ తీర్మానం, కోర్టు పిటిషన్ అన్నీ చట్టం ఇచ్చినవే. చేసే ప్రతి పనికీ కాగితం ఉంటే ఆమెకు అదే రక్ష.

పరీక్షలయ్యాక ఆమెను ఊరికి రమ్మనండి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ వాడడం నేర్పించాలని నియమం ఉంది. మీ ఊళ్లో నేర్చుకున్నవాళ్లు ఎవరో సచివాలయంలో అడగండి. ఆమె వాళ్లతో కలిసి బోర్లన్నీ పరీక్షించి, ఆ ఫలితాలను గ్రామసభలో చదివి, తీర్మానం చేయించగలిగితే దాని కాపీ దాచుకోమనండి. అడ్మిషన్ దరఖాస్తుకు జత చేయడానికి పనికొస్తుంది. ఆ సభకు మీరూ వెళ్లి పక్కన కూర్చోండి.