బిడ్డ రావలసిన రోజే రానీ

ఎడిసన్, డిసెంబర్ 14, 2025

బంగారూ,

నిన్న నువ్వు ఫోన్‌లో అడిగిన మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. జూలై మొదటి వారంలో కానుపు డేటు ఇచ్చారు, ఇక్కడ పుట్టిన పిల్లల పౌరసత్వం మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఆలోపే రావచ్చంటున్నారు, ముందే సిజేరియన్ చేయించుకోనా అన్నావు. వద్దమ్మా.

2025 జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఆర్డరులో ఏముంది? తల్లి నీలా హెచ్‌4 మీద (భర్త వీసాతో వచ్చే వీసా), తండ్రి హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే, ఆ రోజు నుంచి ముప్పై రోజుల తర్వాత పుట్టే పిల్లలకు పౌరసత్వం లేదని ఉంది. అంటే వాళ్ల లెక్క ఫిబ్రవరి నుంచే మొదలు. తీర్పుకు ముందే బిడ్డను కన్నంత మాత్రాన నీకు ఒరిగేదేమీ లేదు. బిడ్డకు మాత్రం కష్టం. నెలలు నిండకుండా పుడితే ఊపిరికీ, పాలు తాగడానికీ ఎంత అవస్థ పడతారో! కారణం లేకుండా 39 వారాలలోపు కానుపు తొందరపెట్టొద్దని ఇక్కడి డాక్టర్లే చెబుతారు.

ఇవాళ్టికి ఆ ఆర్డరు అమల్లో లేదు, కోర్టులు ఆపి ఉంచాయి. ఈ నెల 5న సుప్రీంకోర్టు కేసు తీసుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ ఈ దేశ పౌరుడేనని 1898లో చెప్పిందీ ఇదే కోర్టు. ఆ అమ్మానాన్నలకైతే అప్పటి చట్టంలో పౌరులయ్యే దారే లేదు. ఆ మాట నిలబడాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఇక్కడే పుట్టి పెరిగే బిడ్డని పరాయివాడంటే నా మనసు ఒప్పుకోదు.

నీ చేతిలో ఉన్నది కాగితాలు. ఒక ఫోల్డరు పెట్టి మీ ఇద్దరి పాస్‌పోర్టులు, ఐ-797లు (ఇమిగ్రేషన్ వాళ్లు మంజూరు చేసిన కాగితాలు), ఐ-94లు (ఈ దేశంలోకి వచ్చినట్టు రికార్డు), పెళ్లి సర్టిఫికెట్ అందులో ఉంచు. మా పెద్దాడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఫారం నింపినావిడ మీ పెదనాన్న ఇంటిపేరుని పేరుగా, పేరుని ఇంటిపేరుగా రాసేసింది. పురిటి నీరసంలో చూడకుండానే సంతకం పెట్టాను. అది సరిచేయించడానికి నెలల తరబడి తిరిగాం. అందుకే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం అల్లుడి చేత చదివించి, అప్పుడు సంతకం పెట్టు. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలని ఆ ఫారంలోనే టిక్ పెట్టొచ్చు. బర్త్ సర్టిఫికెట్ రాగానే పాస్‌పోర్టుకి వెళ్లండి. బిడ్డతో పాటు మీరిద్దరూ ఉండాలి.

ఒకవేళ తీర్పు మనకి వ్యతిరేకంగా వచ్చినా బిడ్డ ఏ దేశానికీ చెందకుండా పోడు. మీరిద్దరూ భారత పౌరులే కాబట్టి, వేరే దేశం పాస్‌పోర్టు లేకపోతే, ఏడాదిలోపు హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించాలి. ఆ గడువు దాటనివ్వొద్దు. ఇక్కడ బిడ్డకి ఏ వీసా అన్నది మాత్రం అప్పుడు లాయర్నే అడగాలి. వాట్సాప్ గ్రూపుల్లో అడగొద్దు.

మీ అమ్మకి వీసా పని ఇప్పుడే మొదలుపెట్టమను. తను రావడం ఆలస్యమైతే జూన్ చివర్లో నేనే డల్లాస్ వచ్చేస్తాను. టికెట్ చూడమని మీ పెదనాన్నకి చెప్పాను.

మీ పెద్దమ్మ