పాట నా తోడికోడలికి ఇచ్చేశారు... దేవుడు నా తలాంతు తీసేసుకున్నాడా?

ఉత్తరం: నాకు 38 ఏళ్లు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి, అంటే 14 ఏళ్లుగా, మా సంఘంలో ఆరాధన పాటలు నేనే నడిపించాను. రెండేళ్ల క్రితం మా మరిదికి పెళ్లయింది. తోడికోడలు సంగీతం నేర్చుకున్న పిల్ల, కీబోర్డు కూడా వాయిస్తుంది. ఆరు నెలల క్రితం ఒక ఆదివారం పాస్టర్ గారు మైకు ఆమె చేతికిచ్చారు. ముందుగా నాతో ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నన్ను పిలవనూ లేదు. మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చిన్నకోడలి గొంతు గురించే చెబుతారు. మావారేమో "ఇంట్లో గొడవెందుకు, వదిలెయ్" అంటారు. ఇప్పుడు మా 11 ఏళ్ల పాప కూడా పిన్ని దగ్గర పాట నేర్చుకుంటానని నోటుబుక్కులో రాసుకొచ్చింది. చదువు పాడవుతుందని ఆ పుస్తకం తీసి బీరువా మీద పెట్టాను. అయినా పెరట్లో పాడుకుంటూనే ఉంది. రెండో చరణం మధ్యలో ఊపిరి అందక ఆగిపోతుంది. వేరే సంఘంవాళ్లు వచ్చి పాటలు నడిపించమని నన్ను పిలుస్తున్నారు. వెళ్లనా? బైబిల్ కథలో ఒక్క తలాంతు ఉన్నవాడి దగ్గర తీసి పది ఉన్నవాడికి ఇచ్చేశారు కదా, దేవుడు నాకూ అలాగే చేశాడా?

జవాబు: అమ్మా, వెళ్లొద్దు. ఆ పిలుపు మంచిదే కావచ్చు, ముందుముందు మీరు వెళ్లనూవచ్చు. కానీ ఇప్పుడు వెళితే పాడటానికి వెళ్లరు, ఇక్కడివాళ్లకి వినిపించాలని వెళతారు. అంత దూరం నుంచి వినపడదు.

ఇక తలాంతు సంగతి. మత్తయి 25 మళ్లీ ఒకసారి చదవండి, మనసు కుదురుగా ఉన్నప్పుడు. యజమాని ముగ్గురు దాసులకి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించిన కథ అది. అక్కడ తలాంతు అంటే గొంతు కాదు, డబ్బు. కూలివాడికి రోజుకి ఒక దేనారం ఇచ్చే కాలంలో ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు. అంటే ఇంచుమించు 20 ఏళ్ల కూలి. పాపం ఒక్కటే ఇచ్చాడని మనం జాలిపడే ఆ మూడోవాడి చేతిలో పడ్డది అంత సొమ్ము! దాన్ని వాడి దగ్గర నుంచి తీసేసుకున్నది తక్కువ ఉందని కాదు, గొయ్యి తవ్వి పూడ్చిపెట్టాడని. ఐదింటిని పది చేసినవాడికీ, రెండింటిని నాలుగు చేసినవాడికీ యజమాని ఇచ్చిన మెప్పు ఒక్కటే: "భళా, నమ్మకమైన మంచి దాసుడా." ఎవరు ఎక్కువ తెచ్చారని ఆయన పోల్చి చూడలేదు. 14 ఏళ్లు వాడిన మనిషి వెళ్లి ఆ మూడోవాడి పక్కన ఎందుకు నిలబడుతున్నారు? ఆ మాట మీకు వర్తించదు. కనీసం మైకు విషయంలో వర్తించదు.

పాస్టర్ గారు చేసింది మాత్రం తప్పే. పాట ఎవరికివ్వాలన్నది సంఘం చూసుకోవాల్సిన పని. కానీ ఇన్నేళ్లు అందరికంటే ముందొచ్చి మైకు సరిచూసుకున్న మనిషికి ముందురోజు ఫోను చేసి ఒక మాట చెప్పడం మర్యాద. వెళ్లి అడగండి. పాస్టరమ్మ గారి చేత చెప్పించడం, ప్రార్థన మనవి అని లేచి నలుగురిలో కళ్లు తుడుచుకోవడం, ఇవేవీ వద్దు. ఎదురుగా కూర్చుని "నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యగారూ?" అని అడగండి. తప్పు చేసినవాడి దగ్గరికి వెళ్లి ఒంటరిగా మాట్లాడమనే కదా మత్తయి 18:15లో ప్రభువు చెప్పింది. విశ్వాసికి తగ్గింపు ఉండాలి, కాదనను. తగ్గింపు అంటే నోరు లేకపోవడం అంటే మాత్రం నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

అత్తగారిని వదిలేయండి. మీరు కొత్తకోడలిగా ఉన్నప్పుడు మీ గొంతు గురించీ ఇలాగే చెప్పుకుని ఉంటారు. మీవారికి అటువైపు ఉన్నది తమ్ముడు, ఆయన బాధ ఆయనది.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మీ పాప దగ్గర. పాప గురించి మధ్యలో నాలుగు ముక్కలు రాసి దాటిపోయారు. తోడికోడలి గురించి రాసింది ఒక్కసారి చదివాను, ఆ నాలుగు ముక్కలూ మళ్లీ మళ్లీ చదివాను.

సౌలు రాజు కథ మీకు కొత్త కాదు. సౌలు వేలమందిని, దావీదు పదివేలమందిని చంపారని స్త్రీలు పాడిన రోజు నుంచి దావీదు మీద విషపు చూపు మొదలైంది. తనకి సితారా వాయించి నెమ్మది కలిగించే కుర్రవాడి మీదే ఈటె విసిరాడు. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది. 1 సమూయేలు 20కి రండి. భోజనపు బల్ల దగ్గర ఈసారి ఈటె ఎవరి మీదికి వెళ్లింది? యోనాతాను మీదికి. కన్నకొడుకు మీదికి. వాడు చేసిన నేరం దావీదుని ప్రేమించడం, అంతే.

మీరు ఈటె విసిరారని నేననను. నోటుబుక్కు తీసి బీరువా మీద పెట్టారు, చదువు పేరు చెప్పి. పాట పాడితే లెక్కలు రాకుండా పోవని మీకూ తెలుసు. 11 ఏళ్ల పిల్లకి ఏం అర్థమవుతుందిలే అనుకోకండి. పిన్నిని ఇష్టపడితే అమ్మకి కష్టంగా ఉంటుందన్న సంగతి దానికి ఎప్పుడో తెలిసిపోయింది. కాబట్టే హాల్లో పాడాల్సిన పిల్ల పెరట్లోకి వెళ్లి పాడుకుంటోంది.

నీతులు చెబుతోందని అనుకుంటారేమో, నా సంగతీ వినండి. సండే స్కూల్ పిల్లలతో చాలా ఏళ్లు క్రిస్మస్ నాటకం నేనే వేయించేదాన్ని. ఒక ఏడు దాన్ని ఒక కుర్రాడికి అప్పగించారు. ఆ క్రిస్మస్‌కి నాకు జ్వరం వచ్చింది. థర్మామీటరుకి తప్ప అందరికీ తెలిసింది. గొల్లవాడి వేషం వేసిన మా అబ్బాయి ఇంటికొచ్చి, తలపాగా కూడా విప్పకుండా మంచం పక్కన నిలబడి, "అమ్మా, నేను బాగా చేశానో లేదో నాకెవరు చెబుతారు?" అన్నాడు. ఆ సంవత్సరం నేను పోగొట్టుకున్నది నాటకం కాదు.

దావీదు రాజయ్యాక మందిరానికి పాటగాళ్లను ఏర్పాటు చేసిన లెక్క 1 దినవృత్తాంతములు 25లో ఉంది. 288 మంది, 24 వంతులు, వంతుకి 12 మంది. పిన్న పెద్ద అనీ గురువు శిష్యుడు అనీ చూడకుండా చీట్లు వేసి వంతులు పంచుకున్నారు. ఈ చోటు నాది అని అక్కడ ఎవరికీ రాసివ్వలేదు. అదే అధ్యాయంలో ఆ పాటగాళ్ల పెద్దల్లో ఒకడైన హేమాను కనిపిస్తాడు. 14 మంది కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పిల్లలు తండ్రి చేతికింద పాడేవాళ్లు. ఇంకా వెనక్కి వెళితే, మోషే కాలంలో ప్రత్యక్షపు గుడారం పని చేసిన బెసలేలు. బంగారం, వెండి, ఇత్తడి, రాళ్లు చెక్కడం, చెక్కపని అంటూ దేవుడు అతనికిచ్చిన పనితనాలన్నీ చెప్పాక, నిర్గమకాండము 35:34లో ఇంకొకటి కలుస్తుంది: ఇతరులకు నేర్పే బుద్ధి. అదీ దేవుడిచ్చినదాని కిందే లెక్క. ఆ పనికి మైకు అక్కర్లేదు, పాస్టర్ గారు ఇవ్వనూ అక్కర్లేదు.

రెండో చరణం మధ్యలో పాపకి ఊపిరి అందడం లేదని మీరే రాశారు. అంటే లోపల పని చేసుకుంటూ చెవి పెరట్లోనే పెట్టారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా మీకు తెలుసు. తెలిసీ చెప్పకుండా ఊరుకున్నారు. మూడోవాడి పక్కన మీరు నిజంగా నిలబడ్డది అక్కడే.

ఈ రాత్రి ఆ నోటుబుక్కు కిందికి దించండి. సంజాయిషీ ఏమీ అవసరం లేదు, పిన్ని గురించి ఎత్తనే వద్దు. పాప పక్కన కూర్చుని రెండో చరణం పాడించుకోండి. అది ఆగిపోయే చోటుకి రెండు మాటల ముందు, పెన్సిలుతో చిన్న గీత గీసి, "ఇక్కడ ఊపిరి తీసుకో" అని చెప్పండి. మిగతాది పిన్ని దగ్గర నేర్చుకోనివ్వండి.