ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే

ప్రశ్న: నేను, మా అబ్బాయి కలిసి కొత్త కంప్యూటర్ బిగించాం. రైజెన్ 7600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్5 మెమరీలు నాలుగు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. బోర్డు మీద ‘డీరామ్’ (అంటే మెమరీ) అని రాసిన చోట చిన్న దీపం వెలుగుతోంది. అర నిమిషం చూసి ఆపేస్తున్నాం. మెమరీ సరిపడలేదా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: నాకు మెమరీ కన్నా మీ అర నిమిషం మీదే అనుమానం. డీడీఆర్5 మెమరీని బోర్డు మొదటిసారి చూసినప్పుడు దానితో లయ కుదుర్చుకోవడానికి చాలా నిమిషాలు తీసుకుంటుంది. నాలుగు ఉంటే ఇంకా ఆలస్యం. మధ్యలో ఆపితే కథ మళ్లీ మొదటికే. ఆన్ చేసి, పావుగంట అటు వైపు వెళ్లకండి.

అప్పటికీ రాకపోతే కరెంటు తీసేసి, ఒక్క మెమరీనే ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడిలో పెట్టండి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒక కొసనే ఉంటుంది. అక్కడ ‘టక్’మనగానే అయిపోయిందనుకుంటాం, రెండో కొస వెంట్రుకవాసి పైకి లేచే ఉంటుంది. శ్రీకాకుళంలో మా మేనల్లుడి కంప్యూటర్‌తో నేను ఒక పూటంతా కుస్తీ పట్టింది ఈ వెంట్రుకవాసి కోసమే!

ఒక్కదానితో తెర వెలిగితే రెండోది నాలుగో గాడిలో పెట్టండి. అసలు నాలుగెందుకు కొన్నారు? ఈ ప్రాసెసర్‌కు తయారీదారు చెప్పిన మెమరీ వేగం రెండింటితో 5200, నాలుగింటితో 3600 మాత్రమే. వీలైతే అంగట్లో ఇచ్చేసి, 32 జీబీవి రెండు ఉన్న జత తెచ్చుకోండి.