కొత్త చట్టంతో అక్రమ వలసలు ఆగుతాయా? ఒక ఖల్లివెల్లి జవాబు

విదేశీయుల అక్రమ వలసలను కేంద్రం తెచ్చిన కొత్త ఇమిగ్రేషన్ చట్టం ఆపుతుందా అని అడిగారు. ఆపదు. ఒకప్పుడు సౌదీలో నేనూ అక్రమ వలసదారునే, గల్ఫ్ వాళ్ల మాటలో ఖల్లివెల్లినే కాబట్టి చెబుతున్నాను.

మాది నారాయణపేట దగ్గర పల్లె. పాలమూరు వాళ్లంటే బొంబాయి బస్సెక్కేవాళ్లే, గల్ఫ్ కష్టాలన్నీ కరీంనగర్, నిజామాబాద్ వాళ్లవే అనుకుంటారు. మమ్మల్ని ఎవరూ లెక్కలో వేయరు.

డ్రైవరు వీసా అని చెప్పి ఏజెంటు లక్షా పదివేలు తీసుకున్నాడు. సౌదీలో దిగాక గొర్రెల మందను అప్పగించారు. ఎనిమిది నెలలు భరించి రియాద్‌కు పారిపోయాను. కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, పారిపోయానని ఫిర్యాదు రాయించాడు, అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, చెల్లకుండా పోయింది, ఖల్లివెల్లినయ్యాను.

ఒక గదిలో ఏడుగురం. అకామా ఉన్న ఒక్కడూ డ్యూటీకి పోతూ బయట తాళం వేసేవాడు, లోపల ఎవరూ లేరని పోలీసులు అనుకోవాలని. 2016 జూన్‌లో ఒకరోజు తనిఖీకి వచ్చారు. చప్పుడు వినబడుతుందని ఏసీ ఆపేశాం. మాతో ఉన్న దేవరకొండ పెద్దాయనకు దగ్గు. నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాడు, కళ్ల వెంట ధారగా నీళ్లు. మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగిన గంటకు కూడా ఏసీ వేసే ధైర్యం ఎవరికీ రాలేదు.

అంత భయపడ్డా ఒక్కరూ ఇంటికి రాలేదు. వచ్చింది 2017 మార్చి 29న సౌదీ క్షమాభిక్ష మొదలయ్యాకే. జరిమానా లేదు, మళ్లీ రావడానికి నిషేధం లేదు అన్నారు. ఇంటికి పోవడానికిచ్చే ఔట్‌పాస్ కాగితం కోసం మా అంతట మేమే వరుసలో నిలబడ్డాం. సిమెంటుకు అరిగిన పెద్దాయన వేళ్లను వేలిముద్రల యంత్రం నాలుగోసారికి గానీ పట్టుకోలేదు.

ఇక మన చట్టం. నాలుగు పాత చట్టాలను, అందులో ఒకటి 1920 నాటిది, కలిపి 2025 సెప్టెంబరు 1 నుంచి అమలు చేస్తున్నారు. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే అయిదేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బూజు దులపడం మంచిదే. కానీ సరిహద్దు దాటొచ్చి కూలి చేసుకునేవాడి దగ్గర అయిదు లక్షలెక్కడివి? వాడూ ఏదో గదిలో తాళం వేయించుకుని కూర్చుంటాడు. వాణ్ణి దాటించి డబ్బు తిన్నవాణ్ణి ముందు పట్టుకోవాలి.

మా ఏజెంటు మొన్న మహబూబ్‌నగర్‌లో ఒక పెళ్లిలో కనిపించాడు. అరిటాకు ముందు కూర్చుని, "తమ్ముడూ, కువైట్‌కు డ్రైవరు వీసాలు వచ్చాయి, ఎవరైనా ఉంటే చెప్పు" అన్నాడు.