‘డీఫండ్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: 2020లో అమెరికాలో వినిపించిన ‘డీఫండ్ ద పోలీస్’ నినాదాన్ని ‘పోలీసులకు నిధుల ఉపసంహరణ’ అని రాశాను. సరైనదేనా? డీఫండ్‌కు తెలుగులో ఒక్క మాట ఉందా?

సమాధానం: మీరు రాసింది అర్థమవుతుంది కానీ అతకదు. ఉపసంహరించడమంటే వెనక్కి తీసుకోవడం. నామినేషన్ ఉపసంహరిస్తారు, మద్దతు ఉపసంహరిస్తారు. ‘నిధులు ఉపసంహరించారు’ అంటే ఖాతాలో పడిన డబ్బు లాగేసుకున్నారేమో అనిపిస్తుంది. డీఫండ్‌లో సాధారణంగా ఇచ్చినదాన్ని తిరిగి అడగరు, ఇకమీదట ఇవ్వరు. 2018లో పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ విషయంలో అమెరికా చేసింది అదే. దానికి ‘నిధులు ఆపేసింది’, ‘నిలిపివేసింది’ చక్కగా సరిపోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పత్రికల్లో తరచూ కనిపించే ‘నిధులు నిలిచిపోయాయి’ అనే వాక్యం డీఫండ్‌కు పనికిరాదు. అందులో ఆపినవారు కనిపించరు. బిల్లు పాసవక ఆగినా, ఫైలు కదలక ఆగినా అలాగే అంటాం. డీఫండ్ ఎవరో కావాలని తీసుకున్న నిర్ణయం, కాబట్టి ‘ఆపారు’ అనాలి, ‘ఆగాయి’ అనకూడదు. ‘నిధులు మురిగిపోయాయి’ కూడా వేరే సంగతి. అది గడువులోగా ఖర్చు చేయక పోగొట్టుకోవడం.

ఇక మీ నినాదం. 2020 మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు అధికారి చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హతుడయ్యాక అది దేశమంతా మార్మోగింది. పోలీసు శాఖే వద్దన్నవారు కొందరు. ఆ బడ్జెట్‌లో కొంత తీసి ఇళ్లకు, మానసిక ఆరోగ్య సేవలకు ఇవ్వాలన్నవారు చాలామంది. ఆ జులైలో లాస్ ఏంజెలెస్ నగర మండలి పోలీసు బడ్జెట్‌లో 15 కోట్ల డాలర్లు తగ్గించింది, మొత్తం ఆపలేదు. అలాంటి చోట ‘కోత’ అనాలి, డబ్బు ఎటు పోయిందో చెప్పాలంటే ‘మళ్లించారు’ అనాలి.

నినాదం వరకు ‘పోలీసు శాఖకు నిధులు ఆపండి’ అని రాయండి. ‘శాఖ’ను వదలొద్దు. ‘పోలీసులకు డబ్బులు ఇవ్వొద్దు’ అంటే మన దగ్గర లంచం మాట అయిపోతుంది.

ఒక్క మాట కోసం సంస్కృతంలో కొత్త పదం అల్లడం నాకిష్టం లేదు. ఇంగ్లీషులో ఆ క్రియకు కర్మ సంస్థ, తెలుగులో నిధులు. సంస్థకు ‘కు’ చేర్చి ‘నిధులు ఆపు’ అంటే చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.